మణలిలో అనిలీన్ వాడే ఫ్యాక్టరీలో తమ్ముడికి ఉద్యోగం, పంపమంటారా?

సూళ్లూరుపేట సుధ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. ఇప్పుడు చెన్నై మణలిలో రబ్బరు కెమికల్స్ చేసే ఒక చిన్న కంపెనీవాళ్ళు ట్రెయినీ షిఫ్ట్ కెమిస్టుగా తీసుకుంటామన్నారు. మూడు షిఫ్టులు. ఇంటర్వ్యూలో "అనిలీన్ హ్యాండిల్ చేశావా?" అని అడిగారట. వీడు "కాలేజీ ల్యాబ్‌లో టెస్ట్‌ట్యూబ్‌లో చూశాను సార్" అన్నాడట. వాళ్ళు నవ్వేసి చేరమన్నారు.

ఆ రాత్రి నేను అనిలీన్ అని నెట్‌లో కొట్టి చూశాను. విషం, కేన్సర్, పెదవులు నీలం అవడం... అది అమ్మకి చదివి వినిపించడం నా తప్పు. అప్పటినుంచి ఆవిడ అన్నం సరిగా తినట్లేదు. నా కెమిస్ట్రీ ఇంటర్‌తో సరి. అసలు ఇదేమిటి, ఎంత ప్రమాదం, పంపొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రెడ్‌హిల్స్ రమణ | రాత్రి 9:58

నేను మణలి, ఎన్నూరు కంపెనీల్లో 22 ఏళ్ళు చేశానమ్మా. బాగానే ఉన్నాను. డ్యూటీ దిగాక ఇంత బెల్లం ముక్క, గ్లాసు పాలు. అంతే. భయపడేవాళ్ళు ఫ్యాన్ కింద కూర్చునే ఉద్యోగం చూసుకోవాలి. పంపండి.

ల్యాబ్ కోటు | రాత్రి 10:35

రమణ గారూ, బెల్లం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

సుధ గారూ, నేను 14 ఏళ్ళుగా ఈ లైన్లోనే ఉన్నాను, ఉండేది మాధవరంలో. అనిలీన్ నూనెలాంటి ద్రవం. కొత్తగా తీసినప్పుడు రంగుండదు, గాలి తగిలేకొద్దీ పసుపు తిరిగి చివరికి టీ డికాక్షన్ రంగుకి వస్తుంది. 184 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీళ్ళకంటే కాస్త బరువు, నీళ్ళలో పెద్దగా కలవదు, లీటరుకి 36 గ్రాములకి మించి కరగదు. వాసన కుళ్ళిన చేపల్లా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. చేపల రేవు కాశిమేడు పక్కన పెరిగిన నాలాంటివాడికి ఆ గుర్తు ఎందుకూ పనికిరాదు.

బెంజీన్‌ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ల మిశ్రమంతో నైట్రోబెంజీన్‌గా మార్చి, దాన్ని హైడ్రోజన్‌తో అనిలీన్ చేస్తారు. మన దేశంలో గుజరాత్‌లోని భరూచ్‌లో చేస్తారు. దాన్ని దానిలాగే వాడుకునేవాళ్ళు దాదాపు లేరు, దాంతో ఇంకోటి చెయ్యడానికే కొంటారు. అందుకే ఇంటర్మీడియెట్ అంటారు. మన ఇంటర్ లాంటిదే, దాంతో ఆగడానికి ఎవరూ చదవరు. (మీ గురించి కాదండీ సుధ గారూ.) ప్రపంచంలో తయారయ్యే అనిలీన్‌లో సగానికి పైగా ఎండీఐ అనేదానికి పోతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ గోడల మధ్య ఉండే గట్టి ఫోమ్ దాంతో చేసిందే. మిగతాది రబ్బరు కెమికల్స్, రంగులు, మందులు, పురుగుమందులు.

ఇప్పుడు అసలు మాట. రబ్బరు కెమికల్స్ అన్నారు కదా, ఎంబీటీ చేస్తారేమో అడగమనండి. టైర్ల రబ్బరు త్వరగా ఉడకడానికి వేసే మందు అది. అనిలీన్, కార్బన్ డైసల్ఫైడ్, గంధకం కలిపి మూసిన పాత్రలో ఒత్తిడి మీద వేడి చేస్తే వస్తుంది. ఆ రియాక్షన్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తుంది. ఎక్కువ మోతాదులో అది ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయిందంటే గ్యాస్ పోయిందనుకుంటారు. ఇక కార్బన్ డైసల్ఫైడ్ 90 డిగ్రీలకే దానంతట అదే అంటుకుంటుంది. నిప్పురవ్వ అక్కర్లేదు, వేడి స్టీమ్ పైపు చాలు. మీరు అనిలీన్ ఒక్కటే చూసి భయపడుతున్నారు. నేనైతే ఈ మూడింటి గురించీ అడుగుతాను.

గాజువాక | రాత్రి 11:12

మాది విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది పోయారు. మా పిన్నివాళ్ళది ఆ పక్క ఊరే. కెమికల్ ఫ్యాక్టరీ అనగానే నాకు రోడ్డు మీద పడిపోయిన ఆవులే కళ్ళముందుకొస్తాయి. నేనైతే పంపను.

ల్యాబ్ కోటు | రాత్రి 11:30

మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ రెండూ ఒకటి కావు. స్టైరీన్ నిలవుంటే దానిలో అదే గొలుసుకట్టుగా అతుక్కుంటుంది, అతుక్కునేకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా అతుక్కుంటుంది. చల్లదనం, నిరోధకం చూసుకోకపోతే ట్యాంకు దానంతట అదే ఉడికి ఆవిరి కక్కుతుంది. అక్కడ జరిగింది అదే. అనిలీన్‌కి ఆ గుణం లేదు. మామూలు వేడికి దాని ఆవిరీ తక్కువే. ఊరి మీద మేఘంలా పడడం దాని పద్ధతి కాదు. ముట్టుకున్నవాడినే పట్టుకుంటుంది.

ఒకటి చెప్పి పడుకుంటాను. పొగలు కక్కే నైట్రిక్ ఆసిడ్ తగిలితే అనిలీన్ అగ్గిపుల్ల లేకుండానే భగ్గుమంటుంది. 1940ల్లో అమెరికావాళ్ళు ఆ గుణాన్ని పట్టుకునే రాకెట్లు ఎగరేశారు. శ్రీహరికోట పక్కనున్నవాళ్ళకి రాకెట్ల గురించి నేను చెప్పాలా? ఆ రెండూ ఒకే షెడ్డులో పెట్టారేమో మీ తమ్ముణ్ణి చూడమనండి.

ట్యాంకర్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:05

సుధమ్మా, నేను 30 ఏళ్ళు కెమికల్ ట్యాంకర్ల ట్రాన్స్‌పోర్ట్‌లో ఉన్నాను. డ్రైవర్‌గా మొదలై సూపర్‌వైజర్‌గా దిగాను. అనిలీన్ బండి వెనక నారింజ రంగు బోర్డు మీద 1547 అని ఉంటుంది, పక్కన పుర్రె బొమ్మ, విషానికి గుర్తుగా 6.1. నా కళ్ళముందు జరిగింది చెబుతాను. ఏ కంపెనీ అని అడగొద్దు.

మే నెల, కత్తెర ఎండలు. గుజరాత్ నుంచి వచ్చిన బండి ఖాళీ చేశాం. పంపు ఆపి హోస్ విప్పేటప్పుడు అందులో మిగిలింది ఒక అర లీటరు జారింది. మా క్లీనర్ కుర్రాడి మోకాలి మీద, కాన్వాస్ బూటు మీద పడింది. ఆసిడ్ అయితే కేకలేసి నీళ్ళకోసం పరిగెత్తేవాడు. ఇది మండదు, చురుక్కుమనదు. వాడు కాటన్ వేస్ట్‌తో తుడుచుకుని, "నూనేలే అన్నా" అని పరోటా కొట్టుకి పోయాడు.

రెండు గంటల తర్వాత తలనొప్పి అన్నాడు. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగించి లారీ నీడన పడుకోబెట్టాం. నేను వెళ్ళి చూసేసరికి పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. గోళ్ళూ అంతే. "ఏరా, నేరేడుపళ్ళు ఎక్కడివిరా?" అని అడిగాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే వేలికి క్లిప్ పెట్టారు. 85 చూపించింది. ఆక్సిజన్ పెట్టారు, 85. మెషీన్ పాడైందని ఇంకోటి తెచ్చారు, 85. పెద్ద గవర్నమెంట్ ఆస్పత్రికి పొమ్మన్నారు. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ రక్తం తీసి సిరంజీ వెలుతురుకి పెట్టి చూసింది. చాక్లెట్ రంగు. "ఏం కెమికల్?" అని అడిగింది. నా దగ్గర ట్రెమ్ కార్డు ఉంది, బండిలో ఏ కెమికల్ ఉందో, ప్రమాదమైతే ఏం చెయ్యాలో రాసి ఉండే కార్డు, ఇచ్చాను. అరగంటలో నీలం మందు ఎక్కించారు. గంటకల్లా పెదవులు ఎర్రబడ్డాయి. పొద్దున ఉచ్చ పచ్చగా, నీలంగా వస్తోందని వాడు ఏడుపు, మందు రంగే అని ఆవిడ నవ్వు.

కథ అక్కడితో అయిపోలేదు. నాలుగో రోజు డ్యూటీకొచ్చాడు. మధ్యాహ్నానికి మళ్ళీ తలనొప్పి, మళ్ళీ పెదవులు. ఎవరూ ఏమీ ఒలకబొయ్యలేదే అని తల పట్టుకున్నాం. చివరికి చూస్తే కాళ్ళకి అవే కాన్వాస్ బూట్లు. ఉతికి, లారీ టాప్ మీద ఎండబెట్టి వేసుకొచ్చాడు. కొత్తవి 300 రూపాయలమ్మా అప్పట్లో. వాడి దగ్గర లేవు, మేం కొనివ్వలేదు.

సూళ్లూరుపేట సుధ | మంగళవారం, ఉదయం 6:40

బాబాయ్ గారూ, ఇది చదివి చేతులు చల్లబడ్డాయి. ఇది మాత్రం అమ్మకి చదివి వినిపించను.

నైట్ డ్యూటీ డాక్టర్ | మంగళవారం, ఉదయం 8:15

బాబాయ్ గారు చెప్పిన 85 అంకె చాలామంది డాక్టర్లనే తికమక పెడుతుంది, కాబట్టి వివరంగా రాస్తాను.

రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్, దానిలో ఇనుము ఉంటుంది. అనిలీన్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని ఫినైల్ హైడ్రాక్సిలమైన్‌గా మారుస్తుంది. అది ఆ ఇనుమును ఇంకో రూపానికి నెట్టేస్తుంది. ఆ రూపాన్ని మెథ్‌హిమోగ్లోబిన్ అంటారు. అది ఆక్సిజన్‌ని పట్టుకోదు. మిగిలిన మంచి హిమోగ్లోబిన్ కూడా పట్టుకున్నది సులభంగా వదలదు. బస్సులు తిరుగుతూనే ఉంటాయి, కొన్నిటికి తలుపు తెరుచుకోదు, మిగతావాటిలో ఎక్కినవాళ్ళు దిగలేరు. అందుకే ఎంత ఆక్సిజన్ పెట్టినా లాభం కనిపించదు. వేలి క్లిప్ రెండు రంగుల కాంతితో లెక్కేసే యంత్రం, ఈ కొత్త రంగు దానికి తెలియదు. మెథ్‌హిమోగ్లోబిన్ బాగా పెరిగితే నిజం ఎంతైనా 85 దగ్గరే ఆగిపోతుంది.

మామూలుగా మన రక్తంలో ఇది 1 శాతం లోపే. 15 శాతం దగ్గరకొస్తే పెదవులు నీలమవుతాయి, అప్పటికి మనిషి మామూలుగానే మాట్లాడుతుంటాడు. 20, 30 దాటితే తలనొప్పి, ఆయాసం, నీరసం. 50 దాటితే గుండె లయ తప్పడం, మూర్ఛ. 70 దాటితే ప్రాణానికే ముప్పు.

విరుగుడు మెథిలీన్ బ్లూ. కిలో బరువుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు, 5 నిమిషాలపాటు నెమ్మదిగా నరానికి. జీ6పీడీ (ఎర్రరక్తకణాలని కాపాడే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకి అది పనిచెయ్యకపోగా రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది, అందుకే ఇలాంటి ఉద్యోగంలో చేరేముందే ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది. కొన్నిరకాల డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు కూడా ముందే చెప్పాలి. ఒకసారి తగ్గాక కూడా కనీసం ఒక రోజు ఆస్పత్రిలో ఉంచుకుంటాం. ఒంట్లో మిగిలిన అనిలీన్ వల్ల మళ్ళీ పెరగొచ్చు. బాబాయ్ గారి కుర్రాడికి బూట్లు ఆ పని చేశాయి.

రమణ గారూ, బెల్లానికీ పాలకీ ఇందులో పనిలేదు. మందు తాగితే మాత్రం పని ఉంది. ఆల్కహాల్ ఈ విషాన్ని ఎక్కువ చేస్తుంది. షిఫ్టు దిగి పెగ్గు వేసి పడిపోయిన కేసులు పాత వైద్య పుస్తకాల్లోనే ఉన్నాయి.

రెడ్‌హిల్స్ రమణ | మంగళవారం, ఉదయం 8:50

సరే డాక్టర్ గారూ, బెల్లం వెనక్కి తీసుకుంటున్నాను. పాలు మాత్రం కంపెనీయే ఇచ్చేది మాకు, సంతకం పెట్టించుకుని మరీ.

పల్లావరం పద్మ | మంగళవారం, ఉదయం 11:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ఆయన నాకు 'అనిలీన్ లెదర్' అని రాసి ఉన్న బ్యాగు కొన్నారు. ఇది చదివాక దాన్ని బాల్కనీలో పెట్టాను.

ల్యాబ్ కోటు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

లోపలికి తెచ్చుకోండి పద్మ గారూ. అనిలీన్ లెదర్ అంటే పైన పెయింట్ పొర వెయ్యకుండా, తోలు మీద గీతలూ రంధ్రాలూ కనిపించేలా రంగునీటిలో ముంచి అద్దినది అని అర్థం. ఒకప్పుడు ఆ రంగులు అనిలీన్ నుంచి పుట్టాయి కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. మైసూర్ పాక్ తినడానికి మైసూరు వెళ్ళనక్కర్లేదు కదా.

నీలిమందు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

పేరు దగ్గరికొచ్చారు కాబట్టి నేను ఊరుకోలేను. అనిలీన్ అన్న మాటలో ఉన్నది మన 'నీల'మే. సంస్కృత నీలం అరబ్బుల నోట్లో అన్‌నీల్ అయింది, పోర్చుగీసువాళ్ళకి అనిల్ అయింది. 1826లో ఉన్‌వర్డోర్బెన్ అనే జర్మన్ నీలిమందును వేడిచేసి ఆ ఆవిరిని చల్లారిస్తే ఈ నూనె వచ్చింది. 1834లో రుంగే తారు నుంచి తీశాడు, బ్లీచింగ్ పౌడరు తగిలితే ఊదా రంగొస్తుందని చూశాడు. తర్వాత ఇంకొకాయన నీలిమందు నుంచే తీసి అనిలీన్ అని పేరు పెట్టాడు. ఇవన్నీ ఒకటేనని 1843లో హాఫ్‌మన్ తేల్చాడు. ఆయన శిష్యుడు పెర్కిన్, 18 ఏళ్ళ కుర్రాడు, 1856లో మలేరియా మందు చెయ్యబోయి అనిలీన్ నుంచి ఊదా రంగు తీశాడు. బీఏఎస్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ పేరులో 'ఏ' అంటే అనిలీనే.

అదే కంపెనీ 1897లో ఫ్యాక్టరీ నీలిమందును బజార్లోకి తెచ్చింది. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు ఎక్కువగా పండేది మన కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లోనే. కొన్నేళ్ళలో ఆ పంట దెబ్బతింది. ఇప్పుడు జీన్స్ ప్యాంట్ల నీలం ఎక్కువభాగం అనిలీన్ నుంచి చేసిందే. నీలిమందులోంచి పుట్టిన పిల్ల తల్లినే మింగింది.

డాక్టర్ గారు చెప్పిన మెథిలీన్ బ్లూ కూడా 1876లో కారో అనే ఆయన డైమిథైల్ అనిలీన్ నుంచి చేసిన బట్టల రంగే. తాత పెట్టిన అప్పు మనవడు తీర్చినట్టుంది.

గాజువాక | మంగళవారం, మధ్యాహ్నం 2:10

కథ బాగుంది గానీ కేన్సర్ సంగతి ఎవరూ ఎత్తడం లేదేం?

నైట్ డ్యూటీ డాక్టర్ | మంగళవారం, రాత్రి 9:25

డ్యూటీలో ఉన్నానండీ. 1895లో రేన్ అనే జర్మన్ సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ కేన్సర్ గమనించి దానికి 'అనిలీన్ కేన్సర్' అని పేరు పెట్టాడు. తర్వాతి దశాబ్దాల్లో అసలు దోషులు బీటా నాఫ్థైలమైన్, బెంజిడీన్ అని తేలింది. అనిలీన్ బయటపడింది అనుకున్నారు. అయితే 2020లో ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళ కేన్సర్ పరిశోధన సంస్థ) మళ్ళీ కూర్చుని, జంతువుల్లో దొరికిన ఆధారాలూ ఇదే కుటుంబంలోని రసాయనాల తీరూ చూసి, దీన్ని 2ఏ గుంపులో వేసింది. 'బహుశా కేన్సర్ కలిగించవచ్చు' అన్న గుంపు. దీని దగ్గరి బంధువు ఆర్థో టొలుయిడీన్ అయితే ఏకంగా 1వ గుంపులో ఉంది. రబ్బరు కెమికల్స్ యూనిట్లలో అదీ కనిపిస్తుంది.

రెడ్‌హిల్స్ రమణ | మంగళవారం, రాత్రి 9:50

2ఏ లోనే మేకమాంసం కూడా ఉందని మా అబ్బాయి చెప్పాడు. ఆదివారం మానేస్తామా?

నైట్ డ్యూటీ డాక్టర్ | మంగళవారం, రాత్రి 10:02

ఉంది, నిజమే. ఆ గుంపులు చెప్పేది ఆధారం ఎంత గట్టిదని, ప్రమాదం ఎంత పెద్దదని కాదు. మేకమాంసం మెథ్‌హిమోగ్లోబిన్ తెప్పించదు రమణ గారూ. అనిలీన్‌తో పనిచేసేవాళ్ళకి ఏడాదికోసారి మూత్రపరీక్ష, రక్తపరీక్ష ఉంటాయా అని అడగండి. మూత్రంలో రక్తం కనిపిస్తే నొప్పి లేకపోయినా వదిలెయ్యకూడదు.

ల్యాబ్ కోటు | బుధవారం, ఉదయం 7:30

సుధ గారూ, పంపాలా వద్దా అన్నది కంపెనీ పేరు మీద కాదు, అక్కడి ఏర్పాటు మీద ఉంటుంది. చేరేముందు ప్లాంటు ఒకసారి చూస్తానని మీ తమ్ముణ్ణి అడగమనండి. కుదరదు, చూపించం అన్నారంటే మీ జవాబు మీకు దొరికినట్టే.

చూపిస్తే మొదట గ్లోవ్స్ చూడాలి. ఆస్పత్రుల్లో వాడే పల్చటి నీలం నైట్రైల్ గ్లోవ్స్ దీనికి సరిపోవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. బూట్లు రబ్బరువి. తోలు బూట్లు అనిలీన్‌ని స్పంజిలా పీల్చుకుంటాయి, తడిస్తే పారెయ్యడమే. గాలిలో దీని హద్దు ఏసీజీఐహెచ్ అనే అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ లెక్కన 8 గంటల సగటున 2 పీపీఎమ్, అంటే పది లక్షల భాగాల గాలిలో 2 భాగాలు. ఆ అంకె పక్కనే 'స్కిన్' అని రాసి ఉంటుంది. అంటే గాలిని కొలిచి సరిపోయిందని ఊరుకుంటే లాభం లేదు, ఆవిరి కూడా చర్మంలోంచి పోతుంది. ఒళ్ళు చెమటతో, వేడిగా ఉంటే ఇంకా తొందరగా పోతుంది. మన చెన్నైలో ఒళ్ళు చెమట పట్టని రోజేది?

ఒంటిమీద పడితే బట్టలు అక్కడికక్కడే విప్పెయ్యాలి, సిగ్గుపడే సమయం కాదు. నీళ్ళతో పాటు సబ్బు తప్పదు, ఉత్త నీళ్ళకి ఇది సరిగా పోదు. జుట్టు, గోళ్ళ సందులు కూడా. నేల మీద ఒలికితే బ్లీచింగ్ పౌడరు చల్లకూడదు. నీలిమందు గారు చెప్పిన ఊదా రంగుతో సరిపెట్టుకోదు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పొడి ఇసుక పోసి ఎత్తాలి.

ఎంఎస్‌డీఎస్ కాగితం, అంటే రసాయనం ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసి ఉండేది, అడిగితే ఇవ్వాలి. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోనే ఉంది. అది ఆఫీసు బీరువాలో ఉండి లాభం లేదు, అన్‌లోడింగ్ దగ్గర తమిళంలో ఉండాలి. హిందీలో కూడా, ఇప్పుడు హెల్పర్లందరూ ఆ వైపువాళ్ళే.

సూళ్లూరుపేట సుధ | పది రోజుల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:45

అందరికీ థాంక్స్. ఆలస్యమైంది, క్షమించండి. తమ్ముడు వెళ్ళి ప్లాంటు చూసొచ్చాడు, చూపించారు. ఎంబీటీయే చేస్తారట, ల్యాబ్ కోటు గారు కరెక్టుగా చెప్పారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి జేబుకి పెట్టుకునే అలారం ప్రతి షిఫ్టువాడికీ ఇస్తారు. బ్యూటైల్ గ్లోవ్స్ ఉన్నాయి. నైట్రిక్ ఆసిడ్ ఆ ఆవరణలోనే లేదు.

సేఫ్టీ షవర్ గొలుసు లాగి చూశాడట. ముందు తుప్పు నీళ్ళు వచ్చాయి. తర్వాత మంచి నీళ్ళే గానీ చెయ్యి పెట్టలేనంత వేడి. పైన ఎండలో నల్ల ట్యాంకు, ఎండలోనే పైపు. "ఈ నీళ్ళ కింద 15 నిమిషాలు ఎవరు నిలబడతారు సార్, పైగా వేడికి అది ఇంకా లోపలికి పోతుంది కదా" అన్నాడట. సూపర్‌వైజర్ మొదట చిరాకు పడ్డారు గానీ, తర్వాత ఆయనే చెయ్యి పెట్టి చూసి ఫోన్లో ఎవరినో తిట్టారట. ట్యాంకు మీద షెడ్డు, పైపుకి ఇన్సులేషన్ వేస్తామన్నారు. నిన్న వేశారని ఫోటో పంపారు.

జీ6పీడీ పరీక్ష చేయించాం, బాగానే ఉంది. వచ్చే సోమవారం చేరుతున్నాడు. గది తిరువొత్తియూరులో. ఫ్యాక్టరీ బూట్లు గదికి తేకూడదని ఒట్టు వేయించుకున్నాను. అమ్మ ఇవాళ రెండుసార్లు పెరుగన్నం తింది.

ట్యాంకర్ బాబాయ్ | శుక్రవారం, రాత్రి 9:10

మంచిదమ్మా. ఒక్కటి అడిగాడా? ఆ నీలం మందు ఏ ఆస్పత్రిలో ఉంటుందో కంపెనీవాళ్ళకి తెలుసా?

సూళ్లూరుపేట సుధ | శుక్రవారం, రాత్రి 9:22

అడిగాడు బాబాయ్ గారూ. హెచ్ఆర్ ఆయన "మెథిలీన్ బ్లూనా? అది కొళత్తూరులో రంగుచేపల షాపుల్లో దొరుకుతుంది కదా" అన్నారట.

నైట్ డ్యూటీ డాక్టర్ | శుక్రవారం, రాత్రి 9:25

చేపల తొట్టిలో వేసేది మనిషికి ఎక్కించకూడదు! ఇంజెక్షన్ వేరే. సుధ గారూ, ఆ కంపెనీకి టై-అప్ ఉన్న ఆస్పత్రి ఏదో నాకు మెసేజ్ చెయ్యండి. రేపు నేనే ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో కనుక్కుంటాను.